కమానులో ఇప్పపువ్వు

పళ్ళు లేని నోటితో సున్నపు పెచ్చును నాకి చూసే ముసలమ్మను మీరెక్కడా చూసి ఉండరు. మొన్న ఎండాకాలం నేను ఆ పని చేశాను, అదీ రోడ్డు పక్కన, పదిమంది కూలీలు చూస్తుండగా. మా తమ్ముడి మనవడు శేఖర్ సిగ్గుతో సగమైపోయి, ఎవరూ అడగకముందే మా అమ్మమ్మకు వయసు మీదపడింది అని హిందీలో వాళ్ళకు సర్దిచెప్పాడు. నాకు హిందీ రాదనుకున్నాడు కాబోలు, వెర్రి నాగన్న. వాడే కాదు, వాడి తాత కూడా పుట్టకముందే నేను అదే దారిలో హిందీ వాళ్ళతో హిందీ, అడవి పల్లెల దోర్ల వాళ్ళతో దోర్లీ మాట్లాడుతూ తిరిగినదాన్ని. వాడు నన్ను వరంగల్లు నుంచి బస్తర్ వైపు మద్దేడ్ దాకా కారులో తీసుకొచ్చింది మంచి మనసుతోనే లెండి. అక్కడ రోడ్డు వెడల్పు చేసే పనిలో సూపర్‌వైజరు వాడు. మీ బాపు కట్టిన వంతెనలు రెండూ తీసేస్తున్నాం, ఆఖరిసారి చూస్తావా అని ఫోను చేశాడు. మోకాళ్ళు వద్దన్నాయి, నేను వినలేదు.

రెండూ చిన్న వంతెనలే. మైలు ఎడంలో, వాగు మీద ఒకటి, దాని పాయ మీద ఒకటి, ఒక్కో దానికి ఒక్కో రాతి కమాను. బస్తర్ రాజ్యం రోజుల్లో, ఒక వేసవిలో ఒకటి, మరుసటి వేసవిలో ఇంకొకటి కట్టాడు మా బాపు, మా నాయన. నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో. మా ఇళ్ళలో వయసులు ఎవరు రాసిపెట్టారు గనక. ఆ ఏళ్ళు ఇప్పుడు తలచుకుంటే ముందు నాకు మనుషులు కనబడరు, తెలుపు కనబడుతుంది. తెల్లటి దుమ్ములో తెల్లకాళ్ళ ఎద్దులు, తెల్లటి చేతులు, తెల్లబడిన తడకలు. ఆ తెలుపులోంచి ఒక్కొక్కరే నెమ్మదిగా బయటికి వస్తారు.

మాది గోదావరి అవతలి కుటుంబం. రోడ్డు పని ఎక్కడ ఉంటే అక్కడ వెదురు తడకలతో పాక వేసుకునేవాళ్ళం. పాక వెనక బట్టీ, బట్టీ పక్కన గుంటలు, గుంటల పక్కన గానుగ. సున్నపురాయినీ కట్టెలనూ వరసలుగా పేర్చి కాలిస్తే రాయి తెల్లగా, తేలికగా అయ్యేది. దాన్ని గుంటలో వేసి నీళ్ళు పోస్తే బుడబుడమని ఉడికేది. ఆ ఆవిరికి ఒక వాసన ఉండేది, వాన పడ్డ కొత్త గోడ వాసన లాంటిది, కాస్త ఘాటుగా. ఉడికిన సున్నాన్ని నెలల తరబడి నీళ్ళ కింద మాగబెట్టి, తరవాత ఇటుక పొడితో కలిపి గానుగలో వేసేవారు. గుండ్రటి కాలవలో రాతి చక్రం, చక్రానికి కాడి, కాడికి ఎద్దులు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది కిర్రుకిర్రుమంటూ తిరుగుతూనే ఉండేది. నాకు ఆ చప్పుడు లేనిదే మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా బావి గిలక మొరాయిస్తే నా కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి.

గానుగలో పోసే నీళ్ళు ఉత్త నీళ్ళు కావు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు, బెల్లం కరిగించిన నీళ్ళు. సున్నానికి పట్టు ఇచ్చేవి అవే అని బాపు నమ్మకం. బెల్లపు నీళ్ళను ఆయన రెండుసార్లు వడకట్టేవాడు. ఒకసారి గుడ్డలో, ఒక పూట కదలకుండా ఉంచి మళ్ళీ ఇంకోసారి. నలుసు మిగిలితే అక్కడ చీమ దూరుతుందనీ, చీమ దూరిన చోట నీళ్ళు దూరుతాయనీ ఆయన భయం. కుంకుమ కలిపిన వెన్నలా గులాబిరంగులో సున్నం తయారయ్యాక, ప్రతి పొద్దుటా ఆయన వేలితో ఇంత తీసి నాలుక కొసన పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకొని, పక్కకు ఉమ్మి, ఇంకో నాలుగు చుట్లు అనో, చాలు అనో చెప్పేవాడు. ఏ ఊరి బెల్లమో కూడా చెప్పేస్తాడని కూలీలు అనుకునేవారు. నేనూ మేస్త్రీనవుదామని ఒకసారి గోరంత నోట్లో వేసుకున్నాను. నాలుక పొక్కి రెండు రోజులు గంజి తాగాల్సి వచ్చింది.

అప్పుడు నా నాలుకకు వెన్న రాస్తూ కడుపుబ్బ నవ్వింది మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి. మా ఇంటికి ఆవిడే పెద్ద. నడుం వంగినా నోరు వంగలేదు. చీర కుచ్చిళ్ళలో ఇత్తడి సున్నపుకాయ, అందులో తమలపాకుకు రాసుకునే సున్నం, అదీ బాపు మాగబెట్టిందే. పళ్ళు పోవడంతో చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకొని నమిలేది. పొద్దున లేస్తే పాకలో మొదటి చప్పుడు ఆ రోలుదే. అది విని ఎద్దులు లేచేవి, ఎద్దుల గంటలు విని నేను లేచేదాన్ని.

మా బాపు మాట తక్కువ మనిషి. బాపమ్మ రెండిళ్ళకు సరిపడా మాట్లాడేది గనక ఆయనకు అవసరమూ పడలేదు. ఆయనకు ఒక్క పట్టుదల ఉండేది. కమాను రాళ్ళను కలప ఆధారం మీద పేరుస్తారు కదా, నడినెత్తిన ఆఖరి రాయి దిగి, సున్నం గట్టిపడ్డాక ఆ కలపను తీసేస్తారు. తీసే వేళ కట్టిన మేస్త్రీ దాని కింద నిలబడాలి. మా తాత అలాగే నిలబడేవాడట, ఆయన తండ్రీ అంతే. కమాను నిలిస్తే మనిషి నడిచి బయటికి వస్తాడు. నిలవకపోతే రాడు. ఇది నాకు ఆకలి, దాహం లాగా మామూలు సంగతిగా తెలుసు. ఆ వేసవి దాకా నేను దాన్ని గురించి భయపడలేదు.

ఆ వేసవి మా అమ్మ పురిటికని గోదావరి అవతల పుట్టింటికి వెళ్ళింది. వాగు మీది మొదటి వంతెన కమాను రెండు వైపుల నుంచీ లేచి, నడుమ జానెడు వెలితి మిగిలి ఉంది. పశువులకు గాలికుంటు తగిలిందని అవతలి బళ్ళను గోదావరి రేవు దగ్గరే చౌకీదార్లు ఆపేశారు. మా బెల్లం బండి కూడా అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే బాపుకు చలిజ్వరం పట్టుకుంది. గొంగళ్ళు ఎన్ని కప్పినా వణికేవాడు, వణుకు తగ్గాక కమాను ఎంతదాకా వచ్చిందని కలవరించేవాడు. ఆకాశం అప్పుడే మబ్బు పట్టడం మొదలైంది. వాగుకు తొలి వరద వస్తే కలప కొట్టుకుపోతుంది, కలపతోపాటు రాళ్ళూ. జగదల్పూర్ నుంచి వచ్చే ఓవర్సీరు ముందే చెప్పి వెళ్ళాడట, ఇది పడితే బస్తర్ సర్కారు పని మీకు మళ్ళీ దొరకదని. గానుగలో అప్పటికే నలిగిన సున్నం తీపి నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంది. రెండు రోజులు దాటితే అది రాయి అయిపోతుంది, ఎందుకూ పనికిరాదు.

బాపమ్మ ఒక పూటంతా రోలు ముందు కూర్చొని ఆకు దంచుతూనే ఉంది, నమలలేదు. తరవాత లేచి, మాతో పనిచేసే దోర్ల మనిషి సోమక్కను పిలిచింది. సోమక్క ఇంట్లో ఆ ఏడు ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు గుమ్మి నిండా ఉంది. అడవి పల్లెల్లో తీపంటే అదే. పిల్లలకు ఉడికించి పెట్టేదీ, చుట్టాలొస్తే వండేదీ అదే. ముగ్గురు ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకొని వచ్చారు. కాగుల్లో పువ్వు ఉడుకుతుంటే మా పాక చుట్టూ ఎంత మత్తు వాసన కమ్మిందో చెప్పలేను. గాలి కూడా తాగినట్టు నెమ్మదిగా కదిలింది. ఎద్దులు గానుగ తిరగడం మాని ముట్టెలు పైకెత్తి నిలబడ్డాయి. నేను పొయ్యి దగ్గర కూర్చున్నానో, కలగన్నానో ఇప్పటికీ సరిగా తేల్చుకోలేను. కానీ బాపమ్మ తన చీర కొంగులోనే ఆ నీళ్ళు వడకట్టడం మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. తొందరలో ఒక్కసారే వడకట్టింది. ఒకటో రెండో పువ్వులు జారి గానుగలో పడ్డాయి కూడా. తాపీ పనివాళ్ళిద్దరూ వాసన పట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అయితే ఆవిడకు ఎదురు చెప్పే మొనగాడు అక్కడ ఎవడూ లేడు. సాయంత్రానికి ఆఖరి రాయి దిగింది.

నన్ను చేయి పట్టుకొని పాక వెనక్కి తీసుకెళ్ళింది బాపమ్మ. ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"మీ బాపుకు జెప్పకు బిడ్డా. జెప్తే మొత్తం కూలగొడతడు. మళ్ళ కట్టేదాక వాన ఆగుతదా?"

"ఇప్పపువ్వుతోని నిలబడతదా బాపమ్మా?"

"ఏమో బిడ్డా. నాకు తెల్వది."

బాపమ్మకు తెలియనిది ఒకటి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

నాలుగు రోజులకు బాపు లేచాడు. కర్ర పట్టుకొని నేరుగా కమాను దగ్గరికే వెళ్ళాడు. రాళ్ళ సందులోంచి సున్నం గీకి నాలుక మీద పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. బెల్లం ఎవరు తెచ్చారని అడిగాడు. రేవు అవతలి వాళ్ళు కూలీల నెత్తిన ఎత్తి పంపారని బాపమ్మ చెప్పింది. ఆయన తల ఊపి ఉమ్మేసి వచ్చి పడుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందేమోనని నేను అడిగితే, జ్వరం నోటికి రుచి తెలియదులే అని బాపమ్మ కొట్టిపారేసింది. ఆమె చెబితే అది నిజమే అయి ఉంటుందనుకున్నాను. ఆ మాటనే పట్టుకొని డెబ్బై ఏళ్ళకు పైగా బతికాను.

సున్నం గట్టిపడటానికి మూడు వారాలు ఆగాలి. ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఎప్పుడూ అనేది, అట్లాంటిదాన్ని ఆ ఒక్క మాట కడుపులో పెట్టుకొని తిరిగాను. చెప్తే వంతెన పోతుంది, చెప్పకపోతే బాపు పోతాడు. కలలో ప్రతిసారీ కమాను పాలమీగడలా మెత్తగా కిందికి జారేది, బాపు దాని కింద నవ్వుతూ నిలబడి ఉండేవాడు. ఒకరోజు ఆయన ఎద్దుల కాళ్ళు కడుగుతుంటే ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాను. బాపూ, ఆ బెల్లం ఉన్నది గదా, అని మొదలుపెట్టాను. ఆయన తల ఎత్తలేదు.

"ఊకో బిడ్డా," అన్నాడు. "నువ్వు జెప్పకు. పొయ్యి ఎడ్లకు గడ్డెయ్యి."

నేను గడ్డి వేశాను. పిరికిదాన్ని కదా, ఆయనే వద్దన్నాడని లోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆయన ఏం వద్దన్నాడో ఆలోచించే బుద్ధి నాకు లేదు.

కలప తీసే రోజు పొద్దున ఓవర్సీరు గుర్రం మీద వచ్చి గట్టున నిలబడ్డాడు. వాగు ఒడ్డున సోమక్క వాళ్ళ పల్లె పల్లెంతా కూర్చుంది. బాపు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకొని కమాను కిందికి నడిచి, సరిగ్గా నడిమి రాయి కింద నిలబడ్డాడు. అప్పుడు నా పక్కన రోలు చప్పుడు ఆగింది. బాపమ్మ లేచింది. చంకలో రోలు, చేతిలో ఆకుల మూట. వంగిన నడుముతో మెల్లగా వాగులోకి దిగి కొడుకు కాళ్ళ దగ్గర ఇసకలో చతికిలబడి మళ్ళీ ఆకు దంచడం మొదలుపెట్టింది. ఓవర్సీరు ఈ బుడ్ఢీని బయటికి తీసుకురండని కేకలు పెట్టాడు. ఆవిడ చెవిన పడితే కదా.

"అవ్వా, పోయి ఒడ్డు మీద కూసో," అన్నాడు బాపు తల్లితో.

"ఎండ గొడుతున్నది. ఈడ నీడున్నది," అంది.

బాపు ఆమెను ఇంకోసారి అడగలేదు. ఆమె పక్కన ఇసకలో తనూ కూర్చున్నాడు. మేస్త్రీ నిలబడాలి కదా, కూర్చోకూడదు కదా అని నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కూర్చున్నవాడు ఎట్లా పరుగెత్తుతాడు? బాపు చేయి ఊపాడు. కలపను నిలిపిన ఆపు చెక్కలను సుత్తెలతో కొట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటే ఊడింది. కలప కిందికి దిగింది. కమాను ఒక్కసారి మూలిగినట్టు చప్పుడు చేసింది, సన్నటి దుమ్ము వాళ్ళిద్దరి తలల మీద రాలింది. తరవాత అంతా నిశ్శబ్దం, ఆకు దంచే టకటక తప్ప. ఎంతసేపో తెలియదు. నా లోపల అది ఇంకా పూర్తిగా అయిపోలేదు. అప్పుడు చూస్తే బాపు తల్లిని లేవదీసి, నడుం పట్టుకొని నడిపిస్తూ ఎండలోకి వస్తున్నాడు. ఇద్దరి జుట్టూ తెల్లగా ఉంది. ఆయన కూడా ముసలివాడై వచ్చినట్టు అనిపించింది నాకు. నేను వలవలా ఏడ్చాను. గెలిచిన రోజు ఏడుస్తుందేమిటీ పిల్ల అని అందరూ నవ్వారు.

ఆ చలికాలం బాపమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. పొద్దున రోలు చప్పుడు లేక ఎద్దులు ఆలస్యంగా లేచాయి. మరుసటి వేసవి పాయ మీద రెండో వంతెన కట్టాడు బాపు. అప్పుడు బెల్లం రెండు బళ్ళ నిండా వచ్చింది. అమ్మ చంకలో తమ్ముణ్ణి వేసుకొని ఆ దిమ్మలు తడకల కింద సర్దుతుంటే నేనే లెక్కపెట్టాను. మునుపటి లాగే రెండుసార్లు వడకట్టాడు, మునుపటి లాగే నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ తరవాత రాజ్యం పోయింది, సిమెంటు బస్తాలు వచ్చాయి. మొదటి బస్తా విప్పినప్పుడు బాపు అలవాటు కొద్దీ వేలు ముంచి నాలుకకు అద్దుకున్నాడు. దీనికి రుచి లేదన్నాడు. అయినా దాంతోనే ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. నేను సిమెంటును తిట్టడానికి ఇది రాయడం లేదు. అది పొద్దున పోస్తే సాయంత్రానికి గట్టిపడుతుంది, ఎవరి నాలుకా పొక్కదు, ఎవరూ కింద నిలబడి ప్రాణాలు పందెం పెట్టనక్కరలేదు. శేఖర్ కట్టే వంతెన బరువు ఎంత మోస్తుందో కంప్యూటరు చెబుతుంది, వాడు రాత్రి హాయిగా నిద్రపోతాడు. మంచిదే. కానీ వాణ్ణి ఒకటి అడిగాను, మీ సిమెంటులో ఏం కలిసిందో నీకు తెలుసా అని. బస్తా మీద రాసి ఉంటుందన్నాడు.

బాపు పోయేదాకా ఆ ఇప్పపువ్వు సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. నన్ను తినేసింది అదే. తెలియని మనిషిని రాళ్ళ కింద నిలబెట్టి, ఒడ్డు మీద చూస్తూ ఊరుకున్న కూతురిని కదా. బాపమ్మ తెలిసే వెళ్ళి కూర్చుంది, ఆవిడ బాకీ తీరిపోయింది. నాది మిగిలిపోయింది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, ఎక్కడైనా వంతెన దాటితే నా చేయి నా గుండెల మీదికి వెళ్ళేది.

మొన్న యంత్రం మొదటి వంతెనను విరగ్గొట్టడానికి పూటంతా పట్టింది. డ్రైవరు దిగివచ్చి, ఏం పెట్టి కట్టారు దీన్ని అని విసుక్కున్నాడు. శేఖర్ నడినెత్తి నుంచి ఒక పెచ్చు తెచ్చి నా చేతిలో పెట్టాడు, అప్పుడే దాన్ని నాకి చూశాను. తీపీ లేదు, మత్తూ లేదు, వట్టి రాయి. వాడి ముఖం చూసి నాకే నవ్వొచ్చింది.

సాయంత్రం రెండో వంతెన. నడిమి రాయిని యంత్రం ఎత్తి పక్కన పెట్టాక, దాని వెనకనుంచి పిడికెడంత సున్నపు గడ్డ ఊడిపడింది. సుత్తితో తట్టు అన్నాను. శేఖర్ తట్టాడు, అది రెండు ముక్కలైంది. లోపల ఏడెనిమిది చిన్న గుంటలు, పక్కపక్కనే, ఒక్కచోట. ఒక్కో గుంట వేలి కొసంత, గుండ్రంగా, అడుగున సన్నటి గీతలు. పువ్వులు ఎప్పుడో పొడిపొడైపోయి వాటి అచ్చులు మిగిలాయి. పురుగులు తొలిచాయేమో అన్నాడు వాడు. చిన్నప్పుడు గంపలకు గంపలు ఏరినదాన్ని, ఇప్పపువ్వు అచ్చు నాకు తెలియదా.

ఈ రెండో వంతెన కట్టిన ఏడు బెల్లం రెండు బళ్ళ నిండా వచ్చింది. బాపమ్మ లేదు. రెండుసార్లు వడకట్టే మనిషి చేతిలోంచి పువ్వు జారిపడదు, అందులోనూ పిడికెడు పువ్వులు ఒక్కచోట అసలే పడవు. ఆయనే పెట్టాడు. రాళ్ళ సందులో పెడితే పట్టు తగ్గుతుందని, బరువు పడని చోటు చూసి, నడిమి రాయి వెనకాల పెట్టాడు. తల్లి పేరు రాయడానికి ఆయనకు చదువు రాదు.

జ్వరం నోటికి కూడా ఆయనకు రుచి తెలిసింది. కళ్ళు మూసుకొని నిలబడ్డ ఆ చాలాసేపూ ఆయన లెక్క వేసుకున్నది అదే అయి ఉంటుంది. ఏం కలిసిందో తెలిసి, ఎవరు కలిపారో తెలిసి, ఆ కమాను కిందికి నడిచాడు. నేను చెప్పబోతే నువ్వు జెప్పకు అన్నది, తల్లి చేసింది నా నోట రాకూడదని. నేను మోసిన బరువు నాది కానే కాదు, ఆయన ఎప్పుడో దింపేశాడు, నాకు చెప్పడం ఒక్కటే మరిచిపోయాడు. మరిచిపోయాడో, ఆయన వరస ప్రకారం ఆ కమానుకు చెప్పి ఊరుకున్నాడో.

ఏందమ్మమ్మా, ఎందుకు ఏడుస్తున్నవ్ అన్నాడు శేఖర్. ఎండ అన్నాను. ఆ ముక్కను కొంగున కట్టుకొని కారు ఎక్కాను. ఇంటికొచ్చి బాపమ్మ ఇత్తడి సున్నపుకాయ పక్కన పెట్టాను. వచ్చే దారిలో వంతెనలు చాలా దాటాం. శేఖర్ చెప్పేదాకా నేను గమనించలేదు, దారి పొడుగునా నిద్రపోయానట.